తుఫాను రాని రోజుల్లో పని

(బందరులో యూత్ రెడ్‌క్రాస్ వాలంటీర్ల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, అధ్యాపక మిత్రులకు నమస్కారం. పిల్లలూ, మీకూ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లు కాస్త ముందుకు జరగండి. ఈ మైకు ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం.

నన్ను మాట్లాడమన్న విషయం రెడ్‌క్రాస్ సేవలు. ఈ పేరుతో ఉపన్యాసం అంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఫలానాయన ఫలానా ఏడాది పుట్టారు, సూత్రాలు ఏడు, రక్తదానం మహాదానం, చివర్లో చప్పట్లు, శాలువా. ఆ వివరాలన్నీ మీ చేతిలో ఉన్న కరపత్రంలో ఉన్నాయి, బస్సులో చదువుకోవచ్చు. నేను మాత్రం ఈ ఊరితోనే మొదలుపెడతాను.

1864వ సంవత్సరం. ఆగస్టు 22న జెనీవాలో పన్నెండు దేశాల ప్రతినిధులు ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. యుద్ధంలో గాయపడ్డ సైనికుడు ఏ పక్షం వాడైనా వైద్యం చేయాలి, వైద్యం చేసేవాళ్ల జోలికి ఎవరూ పోకూడదు, వాళ్లను గుర్తుపట్టడానికి తెల్లగుడ్డ మీద ఎర్ర క్రాసు ఉండాలి. అదే మొదటి జెనీవా ఒప్పందం. అది జరిగి రెండు నెలలు దాటిందో లేదో, నవంబరు 1 రాత్రి, సముద్రం బందరు మీదికి వచ్చింది. ఆ ఉప్పెనలో పోయినవాళ్లు దాదాపు 30,000 మంది అని రాశారు. ఒక ఊరి చరిత్రలో అంత పెద్ద దెబ్బ తగిలిన ఊళ్లు దేశంలోనే తక్కువ.

ఈ రెండింటికీ అప్పట్లో ఏ సంబంధమూ లేదు. ఆ ఒప్పందం యుద్ధం గురించే మాట్లాడింది, ఉప్పెన గురించి కాదు. మానవ సేవా సంఘాలు శాంతికాలంలోనూ పనిచేయాలి, వరదలు, భూకంపాలు, అంటురోగాలు కూడా మన పనే అన్న ఆలోచనకు ఒక రూపం రావడానికి 1919 దాకా ఆగాల్సి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక వివిధ దేశాల రెడ్‌క్రాస్ సంఘాలు కలిసి సమాఖ్యగా ఏర్పడ్డప్పుడు అది జరిగింది. అంటే తుఫాను రిలీఫ్ అని ఇవాళ మనం మామూలుగా అనేస్తున్న పని ఈ సంస్థకు పుట్టుకతో వచ్చింది కాదు, తర్వాత నేర్చుకున్నది.

ఇక హెన్రీ డ్యునాంట్. ఆయన్ని తప్పించుకోలేం కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1859 జూన్ 24న ఉత్తర ఇటలీలో సోల్ఫెరినో దగ్గర ఒక పక్క ఫ్రాన్స్, సార్డీనియా, మరో పక్క ఆస్ట్రియా తలపడ్డాయి. ఒక్క రోజులో చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి దాదాపు 40,000. డ్యునాంట్ డాక్టరు కాదు, సైనికుడూ కాదు. అల్జీరియాలో తన పిండిమిల్లుల వ్యాపారానికి నీటి హక్కులు కావాలి. ఆ అనుమతి కోసం ఫ్రాన్స్ చక్రవర్తిని పట్టుకుందామని వచ్చిన వ్యాపారి. మన లెక్కలో ఫైలు కదిలించుకోవడానికి పెద్దాయన దగ్గరికి వచ్చినవాడు. పక్కనే ఉన్న కాస్టిల్యోనే ఊళ్లో చర్చీల నిండా, వీధుల నిండా గాయపడ్డవాళ్లు పడి ఉంటే వచ్చిన పని పక్కన పెట్టి అక్కడే ఉండిపోయాడు.

ఒక్క విషయం గమనించండి. ఆ ఊళ్లో నీళ్లు తాగించడం, కట్లు కట్టడం ఆయన ఒక్కడే చేయలేదు. ఊరి ఆడవాళ్లు చేశారు. ఇటు సైనికుడా అటు సైనికుడా అని చూడకుండా, అందరూ అన్నదమ్ములే అనుకుంటూ చేశారు. దయ ఆ ఊళ్లో కావలసినంత ఉంది. లేనిది ఏమిటంటే గుడ్డ, మందు, మనుషుల్ని మోసే ఏర్పాటు, ఏం చేయాలో తెలిసిన చేతులు. మూడేళ్ల తర్వాత 1862లో డ్యునాంట్ తన సొంత డబ్బుతో ఒక చిన్న పుస్తకం వేశాడు, 1,600 కాపీలు. అందులో చివరికి వచ్చేసరికి ఒక ప్రశ్న అడుగుతాడు: యుద్ధం లేని ప్రశాంత సమయంలోనే ఇలాంటి వాళ్లను చూసుకోవడానికి సంఘాలు పెట్టుకోలేమా అని. ఈ సంస్థ మొత్తం ఆ ప్రశ్న మీద నిలబడి ఉంది. పాపం, ఆయన వ్యాపారం మాత్రం దివాలా తీసింది. జెనీవా విడిచి వెళ్లాల్సి వచ్చింది, ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతి ఫ్రెడరిక్ పాసీతో కలిపి ఇచ్చేనాటికి ముసలివాడైపోయి ఒక ఆస్పత్రి గదిలో ఉన్నాడు.

మన దేశంలో ఈ కథ ఎక్కడ మొదలైందంటే చాలామంది 1920 అంటారు. నేనైతే కొంచెం ముందు నుంచి చెబుతాను. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం వచ్చినప్పుడు, 1899 చివర్లో, గాంధీగారు నాటాల్‌లో ఒక అంబులెన్స్ దళం తయారుచేశారు. సుమారు 1,100 మంది. అందులో ఎక్కువ మంది ఒప్పందం మీద చెరకు తోటలకు వెళ్లిన కూలీలు. మద్రాసు రేవు నుంచి నాటాల్‌కు ఓడెక్కిన కూలీల్లో తెలుగువాళ్లు చాలామంది. కాబట్టి ఆ స్ట్రెచర్లు మోసిన భుజాల్లో మనవాళ్లవీ ఉండే ఉంటాయి. గాయపడ్డవాళ్లను మోసుకుంటూ కొన్ని రోజులు ఇరవై, ఇరవై అయిదు మైళ్లు నడిచారు. ఆ దళాన్ని నడిపినవాళ్లు గాయపడ్డవాళ్లను ఎలా చూసుకోవాలో ముందే నేర్చుకుని ఉన్నారు, అది ముఖ్యం.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం. భారత సైనికులు ఫ్రాన్స్‌లోనూ మెసొపొటేమియాలోనూ పోరాడారు. వాళ్ల కోసం ఇక్కడ సెయింట్ జాన్ అంబులెన్స్, బ్రిటిష్ రెడ్‌క్రాస్ కలిసి పనిచేశాయి. యుద్ధం అయ్యాక ఇక్కడ సొంత సంఘం ఉండాలన్నారు. 1920 మార్చి 3న సర్ క్లాడ్ హిల్ శాసన మండలిలో బిల్లు పెట్టారు, 17న ఆమోదం పొందింది, 20న గవర్నర్ జనరల్ సంతకం అయింది. మూడు వారాలు కూడా పట్టలేదు. ఇప్పుడు మనకు కుల ధ్రువీకరణ పత్రం రావడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది, సరే, ఆ సంగతి వదిలేయండి.

అలా వచ్చిన ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీకి రాష్ట్రపతి అధ్యక్షులు, కేంద్ర ఆరోగ్య మంత్రి ఛైర్మన్. రాష్ట్ర శాఖకు గవర్నరు, జిల్లా శాఖకు కలెక్టరు. చట్టం ద్వారా ఏర్పడింది కానీ ప్రభుత్వ శాఖ కాదు. ప్రభుత్వానికి తోడుగా ఉండాలి, కానీ తన నిర్ణయం తనదై ఉండాలి. చెప్పడానికి బాగానే ఉంటుంది. ఆచరణలో దీని బాగూ ఓగూ రెండూ నేను చూశాను. కలెక్టరు గారికి ఆసక్తి ఉంటే జిల్లా శాఖ పరుగెడుతుంది, ట్యాంకర్లు, లారీలు ఒక్క ఫోనుతో వస్తాయి. ఆయన బదిలీ అయ్యాక వచ్చినాయనకు ఆసక్తి లేకపోతే అదే శాఖ బోర్డు తగిలించిన తాళం గదిగా మిగిలిపోతుంది. రెడ్‌క్రాస్ సభ్యత్వం కాలేజీ అడ్మిషన్ ఫీజులో ఒక లైనుగా కట్టించుకోవడం, ఆ పిల్లలకు తాము సభ్యులమన్న సంగతే తెలియకపోవడం కూడా ఉంది. ఇందులో ఎవరినీ నిందించడం లేదు. ఒక మనిషి ఉత్సాహం మీద నడిచే పని ఆ మనిషితోనే వెళ్లిపోతుందని మాత్రం చెబుతున్నాను. నెల్లూరు లాంటి చోట్ల జిల్లా శాఖ ఏకంగా క్యాన్సర్ ఆస్పత్రి నడిపే స్థాయికి వచ్చిందంటే, కలెక్టర్లు మారినా మారకుండా పనిచేసే స్థానికులు ఉండబట్టే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ. మీలో కొందరి తాతలు, అమ్మమ్మలు ఆ రాత్రి బతికి బయటపడ్డవాళ్లే అయి ఉంటారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, ఆ చుట్టుపక్కల ఊళ్లు. ఉప్పెన అయిదారు మీటర్ల ఎత్తున వచ్చింది. అయిదారు మీటర్లంటే ఈ హాలు పైకప్పు దాటి ఇంకా పైకి. అధికారిక లెక్క ప్రకారమే పదివేల మంది పోయారు, అంతకంటే ఎక్కువని ఆ ప్రాంతం వాళ్లు ఇప్పటికీ అంటారు. తుఫాను వస్తోందని వాతావరణ శాఖ చెప్పింది. చెప్పింది నిజమే, కానీ ఆ మాట చివరి ఊరి చివరి గుడిసెకు చేరే దారి లేదు. చేరినా వెళ్లడానికి ఎత్తయిన కట్టడం లేదు. తాటాకు ఇంట్లోంచి లేచి ఎక్కడికి పోతారు?

తర్వాత దేశం నలుమూలల నుంచీ బయట దేశాల నుంచీ సాయం వచ్చింది. ఆ ప్రాంత నాయకులు మండలి వెంకట కృష్ణారావు గారు ఆ పునర్నిర్మాణానికి ఎంత పాటుపడ్డారో అవనిగడ్డ వైపు ఎవర్ని అడిగినా చెబుతారు. రెడ్‌క్రాస్ సహా ఎన్నో సంస్థలు వచ్చాయి. అన్నం పొట్లాలు, బట్టలు, మందులు, ఇళ్లు. అవన్నీ అవసరమే. కానీ వాటి అన్నింటికంటే విలువైన పని ఆ తర్వాతి పదేళ్లలో జరిగింది. తీరం పొడవునా తుఫాను షెల్టర్లు లేచాయి. హెచ్చరికలు కింది దాకా చేరే ఏర్పాటు, ముందే జనాన్ని తరలించే అలవాటు వచ్చాయి.

1990 మే 9న అదే తీరానికి, కృష్ణా ముఖద్వారం దగ్గరే, అంతటి తుఫానే వచ్చింది. ఈసారి లక్షల మందిని ముందుగానే ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. వెయ్యి చిన్న సంఖ్య అనడం లేదు, ఆ ఇళ్లలో అది ఎంత పెద్దదో మనకు తెలుసు. కానీ పదివేల నుంచి వెయ్యి లోపుకు రావడానికి మధ్యలో ఏం జరిగింది? తుఫాను వచ్చాక పరుగెత్తుకెళ్లినవాళ్ల వల్ల అది జరగలేదు. పదమూడేళ్లపాటు ఏ తుఫానూ లేని రోజుల్లో, ఫొటోలు తీసేవాళ్లు లేని రోజుల్లో చేసిన పని వల్ల జరిగింది.

ఒడిశా సంగతి కూడా చెప్పాలి. 1999 అక్టోబరు 29 సూపర్ సైక్లోన్‌లో అక్కడ దాదాపు పదివేల మంది చనిపోయారు. ఆ తీరంలో జర్మన్ రెడ్‌క్రాస్ సాయంతో మన రెడ్‌క్రాస్ అంతకుముందే కట్టించిన షెల్టర్లు 23 ఉన్నాయి. వాటిలోకి వెళ్లిన వేలమంది బతికారు. స్తంభాల మీద లేపి కట్టిన మొదటి అంతస్తు, కింద నీళ్లు పారిపోయేలా ఖాళీ, ముసలివాళ్లు ఎక్కడానికి ర్యాంపు. అందులో పెద్ద ఇంజనీరింగ్ ఏమీ లేదు. అక్కడ నేర్చుకున్న పాఠంతో ఒడిశా ఎంత మారిందంటే 2019లో ఫణి వచ్చినప్పుడు పన్నెండు లక్షల మందిని తరలించారు. షెల్టరు కట్టడం సగం పనే. మామూలు రోజుల్లో అందులో బడో, అంగన్‌వాడీయో నడిపిస్తే తలుపులు, కిటికీలు, నీటి మోటారు పనిచేస్తూ ఉంటాయి. లేకపోతే తుఫాను రోజున వెళ్లి చూస్తే లోపల ధాన్యం బస్తాలు, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. ఇది ఊహించి చెప్పడం లేదు, మీ ఊళ్లకు వెళ్లి చూడండి.

సరే, తుఫాను వచ్చింది, జనం షెల్టర్‌కు వచ్చారు అనుకుందాం. అప్పుడు వాలంటీరుగా మీ పని ఏమిటి? అన్నం వడ్డించడం అనుకుంటారు. అది ఎవరైనా చేస్తారు, మన ఊళ్లలో అన్నం పెట్టేవాళ్లకు కరువు లేదు. మీరు చేయాల్సింది లెక్క.

సహాయ చర్యలకు ప్రపంచమంతా వాడే కనీస ప్రమాణాలు ఉన్నాయి, స్ఫియర్ ప్రమాణాలు అంటారు. రెడ్‌క్రాస్, ఇతర స్వచ్ఛంద సంస్థలు కలిసి 1997లో మొదలుపెట్టిన పని అది. దాని ప్రకారం మనిషికి రోజుకు తాగడానికి, వండుకోవడానికి, కడుక్కోవడానికి అన్నీ కలిపి కనీసం 15 లీటర్ల నీళ్లు. పడుకోవడానికి మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు. ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి, అందులోనూ మగవాళ్లకు ఒకటి ఉంటే ఆడవాళ్లకు మూడు. ఇప్పుడు మీ ఊరి హైస్కూల్లో 500 మంది వచ్చారనుకోండి. రోజుకు 7,500 లీటర్ల నీళ్లు కావాలి, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఒకటిన్నర. మరుగుదొడ్లు 25. మన హైస్కూళ్లలో ఎన్ని ఉంటాయో, అందులో నీళ్లు వచ్చేవి ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ లెక్క తుఫాను ముందు వేస్తే పంచాయతీ వాళ్లతో మాట్లాడి ఏదో ఒకటి చేయించవచ్చు. తుఫాను తర్వాత వేస్తే విరేచనాల కేసుల లెక్క కూడా పక్కనే రాసుకోవాలి.

ఒకసారి ఒక వరద పునరావాస కేంద్రంలో మేము కిట్లు పంచుతున్నాం. టార్పాలిన్, దోమతెర, దుప్పటి, బకెట్, వంట గిన్నెల సెట్. పంచేది అందరం మగవాళ్లమే. ఒకావిడ మా బల్ల చుట్టూ తిరుగుతోంది, ఏమిటమ్మా అంటే ఏం లేదండీ అంటోంది. కాసేపటికి మాతో వచ్చిన ఏఎన్ఎం గారు ఆవిణ్ణి పక్కకు తీసుకెళ్లి మాట్లాడితే తెలిసింది, ఆవిడకు కావలసింది నెలసరి ప్యాడ్లు. నీళ్లలో తడిసిన ఒక్క చీరతో రెండు రోజుల నుంచి ఉంది. ఆ కేంద్రంలో ఆడవాళ్లు సగం పైనే. అడగలేక ఊరుకున్నవాళ్లు ఎంతమందో! అప్పటి నుంచి ఏ పంపిణీకైనా బల్ల దగ్గర ఇద్దరు ఆడపిల్లలు లేకుండా నేను కూర్చోను. ఈ హాల్లో ఆడపిల్లలు ఎక్కువ ఉండడం చూసి నాకు అందుకే సంతోషంగా ఉంది.

పాత బట్టల గురించి ఒక మాట, కొంచెం ఘాటుగా ఉంటుంది. సునామీ తర్వాత తమిళనాడు తీరంలో రోడ్ల పక్కన పాత బట్టల గుట్టలు పడి ఉండడం ఆ రోజుల్లో పేపర్లు చూసినవాళ్లకు గుర్తే. ఎవరూ తీసుకోలేదు. చిరిగినవి, ఒంటికి పట్టనివి, ఎవరో పెళ్లికి కుట్టించుకున్న కోట్లు కూడా ఉంటాయి వాటిలో. అవి ఏరడానికి, మోయడానికి, తగలబెట్టడానికి మనుషులు కావాలి. ఆ మనుషులకు వేరే పని ఉంది. ఇల్లు పోయినవాళ్లకు సిగ్గు పోలేదు కదా. మీ కాలేజీలో బట్టలు సేకరిద్దామని ఎవరైనా అంటే దయచేసి డబ్బు సేకరించండి. వీలైతే ఆ డబ్బు నేరుగా ఆ కుటుంబాల ఖాతాల్లోకి వెళ్లేలా చూడండి. తమకు ఏం కావాలో కొనుక్కోవడం వాళ్లకు వచ్చు. పాస్‌బుక్కు, ఆధార్ కార్డు నీళ్లలో పోయినవాళ్లకు అవి మళ్లీ తెప్పించుకోవడంలో మీరు సాయపడితే, అది దుప్పటి ఇచ్చినదానికంటే పెద్ద సాయం.

ఇంకొకటి ఉంది, ఇది మాట్లాడ్డానికి చాలామంది ఇబ్బంది పడతారు. రెడ్‌క్రాస్ ఏడు సూత్రాల్లో నిష్పక్షపాతం ఒకటి, అవసరాన్ని బట్టి తప్ప ఇంకే తేడా చూడకూడదు అని. పంపిణీ లారీ ఎక్కడ ఆగుతుంది? ఊరి సెంటర్లో, రామాలయం దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో. ముందు ఎవరు వస్తారు? దగ్గరున్నవాళ్లు. ఎస్సీ కాలనీ ఊరికి బయట, పల్లంలో, కాలవ పక్కన ఉంటుంది. అంటే నీళ్లు ముందు వచ్చేది అక్కడికి, లారీ చివర వెళ్లేది అక్కడికి. మన మనసులో ఏ తేడా లేకపోవచ్చు. లారీ ఆపిన చోటే ఆ తేడా చూపించేస్తుంది. కాబట్టి మన నియమం, అత్యంత పల్లంలో ఉన్న ఇళ్ల దగ్గర మొదట లారీ ఆగాలి. ఊరి పెద్దలకు కోపం వస్తుంది. రానివ్వండి. గొడవ పడకుండా, మర్యాదగా, రేషన్ కార్డుల పట్టిక చూపించి చెప్పండి.

అంతా పోయినా మనుషులు ఉన్నారో లేదో తెలియకపోవడం అన్నింటికంటే పెద్ద బాధ. ఈ పనిలో రెడ్‌క్రాస్‌కు ఉన్నంత అనుభవం ఇంకెవరికీ లేదేమో. మొదటి ప్రపంచ యుద్ధంలో జెనీవాలో ఖైదీల సమాచార కేంద్రం పెట్టి, తప్పిపోయిన సైనికుల కోసం 70 లక్షల కార్డులు చేతితో రాశారు. ఇప్పటికీ యుద్ధ ప్రాంతాల్లో రెడ్‌క్రాస్ సందేశాలు ఉంటాయి. కవరు అతికించని ఒక కాగితం, అందులో ఇంటి విషయాలు తప్ప ఇంకేమీ రాయకూడదు. బాగున్నాను, అమ్మ బాగుందా, అంతే. ఫోన్లు ఉన్నాయిగా అంటారు మీరు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలాంటి నగరంలో ఫోన్లు పలకలేదు. హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఉన్న పిల్లలు అమ్మానాన్నల సంగతి తెలియక ఎంత టెన్షన్ పడ్డారో!

అందుకే షెల్టర్‌లో రిజిస్టరు. ఇది చాలా చిన్న పనిలా కనిపిస్తుంది. వచ్చినవాళ్లందరి పేర్లు రాయాలి. ఎలా రాయాలి? ఇంటిపేరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఊరు, పేట, ఎవరితో వచ్చారు, రాని ఇంటివాళ్లు ఎవరు. ఈ జిల్లాలో వెంకటేశ్వరరావులు, నాంచారమ్మలు ఎంతమందో తెలుసుగా. ఇంటిపేరు లేని రిజిస్టరు చిత్తుకాగితంతో సమానం. చిన్నపిల్లలు ఒంటరిగా వస్తే వాళ్లను ఎవరు తీసుకొచ్చారో ఆ మనిషి పేరు, ఫోను కూడా రాయాలి. ఎవరో వచ్చి నా మేనల్లుడండీ అంటే వెంటనే పంపించేయకూడదు, పిల్లాడు గుర్తుపట్టాలి, ఇంకో పెద్దమనిషి సాక్ష్యం చెప్పాలి, సంతకం తీసుకోవాలి. ఇవన్నీ పెన్సిలుతో రాయండి. తడిసినా పెన్సిలు రాత చెరగదు, సిరా పెన్ను రాత చెరుగుతుంది.

రక్తం గురించి చెప్పకపోతే బ్లడ్ బ్యాంకు వాళ్లు నన్ను ఊరుకోరు. మీరిచ్చే 350 మిల్లీలీటర్లు ఒక్కరికే వెళుతుందని చాలామంది అనుకుంటారు. దాన్ని మూడుగా విడగొడతారు. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో 42 రోజుల దాకా ఉంటాయి, ప్లాస్మా గడ్డకట్టించి ఏడాది ఉంచవచ్చు. ప్లేట్‌లెట్లు మాత్రం అయిదే రోజులు. అవి మామూలు గది వేడిలో, ఊగుతూ ఉండే ఒక యంత్రం మీద ఉండాలి. డెంగీ సీజన్లో అందరూ పరుగెత్తేది వాటి కోసమే. ఈ అయిదు రోజుల లెక్క మీకు అర్థమైతే, ఫలానా నాయకుడి పుట్టినరోజున ఒకేసారి వెయ్యిమంది రక్తం ఇవ్వడం వల్ల ఎందుకు పెద్దగా ఉపయోగం లేదో కూడా అర్థమవుతుంది. ఆ వెయ్యి మందీ ఏడాది పొడవునా వంతులు వేసుకుని ఇస్తే అసలు కొరతే ఉండదు. ఎండాకాలం కాలేజీలకు సెలవులిస్తే బ్లడ్ బ్యాంకులు ఖాళీ అవుతాయి, ఎందుకంటే ఇచ్చేది మీరే. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసేమియా పిల్లలకు సెలవులు ఉండవు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాల్సిందే, మే నెలలో కూడా. మగపిల్లలు మూడు నెలలకు, ఆడపిల్లలు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. బరువు 45 కిలోలు దాటాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మన ఆడపిల్లల్లో చాలామంది ఆ 12.5 దగ్గరే ఆగిపోతారు. అది వాళ్ల తప్పు కాదు, ఇంట్లో కంచంలో చివరికి మిగిలేది ఎవరికో ఆలోచిస్తే తెలుస్తుంది.

చిహ్నం గురించి రెండు ముక్కలు. మన ఊళ్లలో మందుల షాపు బోర్డు మీదా, డాక్టరు గారి కారు అద్దం మీదా, ప్రైవేటు అంబులెన్సు మీదా ఎర్ర క్రాసు కనిపిస్తుంది. అది వైద్యానికి గుర్తు కాదు. 1960 జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా వాడకూడదు. అయిదు వందలు జరిమానా అని చట్టంలో ఉంది, ఆ అయిదు వందలకు ఎవరూ భయపడడం లేదన్నది వేరే సంగతి. ఇదేం పెద్ద విషయం అనిపిస్తుంది. యుద్ధంలో ఆ గుర్తు ఉన్న బండిని కాల్చకూడదు. ఆ ఒక్క నమ్మకమే డ్రైవరు ప్రాణం. ప్రతి బండి మీదా అది ఉంటే ఏ బండి మీదా ఉన్నట్టు కాదు. మీకు తెలిసిన డాక్టరు గారుంటే నెమ్మదిగా చెప్పండి, చాలామంది తెలియకే వేస్తారు.

చివరగా ప్రథమ చికిత్స. రోడ్డు ప్రమాదంలో పడ్డవాణ్ణి ముట్టుకుంటే పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామని ఇంకా భయపడుతున్నారు. 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే రాశారు. సాయం చేసినవాణ్ణి వేధించకూడదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోండి, పసుపు, కాఫీపొడి పొయ్యకండి. పాము కరిస్తే, వరదల తర్వాత దివిసీమలో ఇది మామూలే, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. కరిచిన కాలు కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ ఇంజెక్షన్ మీ దగ్గరి పీహెచ్‌సీలో ఉందో లేదో ఇవాళే కనుక్కోండి, రక్తపింజరి కరిచిన రాత్రి కాదు.

భోజనాల తర్వాత బొమ్మల మీద సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్లకు ఛాతీ మీద నొక్కడం, చేయిస్తాం. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతు నొక్కాలి. రెండు నిమిషాలకే చేతులు పీకుతాయి, అందుకే జంటలుగా చేయాలి. తర్వాత ఒక కాగితం ఇస్తాం. వచ్చే ఆదివారం లోగా మీ ఊరికి వెళ్లి నింపుకుని రావాలి. షెల్టరు ఎక్కడుంది, తాళం చెవి ఎవరి దగ్గరుంది, అందులో పంపు పనిచేస్తోందా, ఊళ్లో నిండు గర్భిణులు ఎందరు, మంచం దిగలేని ముసలివాళ్లు ఏయే ఇళ్లలో ఉన్నారు, పడవ ఉన్నది ఎవరికి, రాత్రిపూట ఫోను చేస్తే ఎత్తే మనిషి ఎవరు. పెన్సిలుతోనే రాయండి. కింద మీ పేరు ఇంటిపేరుతో సహా ఉండాలి.